అరవై నాలుగు గళ్ల కథ – 17: ఆ అర పాయింటు ఎవరిది?

కిందటి వారం మనం జార్జియాలో ఆగాం. 1962లో నోనా గాప్రిందష్విలి తలకెక్కిన మహిళల ప్రపంచ చదరంగ కిరీటం 1978లో పదిహేడేళ్ల మాయా చిబుర్దానిద్జెకు మారింది గాని, ఆ కొండల నాడు దాటి మాత్రం బయటికి పోలేదని చెప్పుకొన్నాం. జట్ల పోటీకి వస్తే కథ మరీ ఏకపక్షం. మహిళల చెస్ ఒలింపియాడ్ 1957లో హాలెండ్‌లోని ఎమ్మెన్ అనే ఊళ్లో మొదలైంది. అప్పటి నుంచి 1986 దుబాయ్ దాకా సోవియట్ జట్టు బరిలో దిగిన ప్రతిసారీ స్వర్ణం వాళ్లదే. 1976లో ఇజ్రాయెల్‌లోని హైఫాలో జరిగినప్పుడు వాళ్లు వెళ్లలేదు, ఆ ఒక్కసారే బంగారం మరొకరి మెడలో పడింది. మిగతా దేశాలు ఒలింపియాడ్‌కు బయల్దేరేది రెండో స్థానం కోసమే అన్నట్టు ముప్పై ఏళ్లు గడిచిపోయాయి.

ఆ వరస 1988 నవంబరులో గ్రీసు దేశపు రేవు పట్నం థెస్సలొనీకిలో తెగింది. నాలుగేళ్ల కిందట అదే ఊళ్లో జరిగిన ఒలింపియాడ్‌లో సోవియట్ ఆడవాళ్లే గెలిచారు. ఈసారి ఆఖరి పట్టికలో హంగరీ 33, సోవియట్ యూనియన్ 32.5.

తేడా అర పాయింటు. ఈ అర పాయింటు మీదే ఈ వారం మన పంచాయితీ.

అప్పటి లెక్క తెలిస్తే గాని దాని బరువు తెలియదు. ఆ రోజుల్లో మహిళల ఒలింపియాడ్‌లో ఒక జట్టుకు నలుగురు. ముగ్గురు ఆడతారు, ఒకరు కూర్చుంటారు. పద్నాలుగు రౌండ్లు, రౌండుకు మూడు బోర్డులు, మొత్తం 42 ఆటలు. ఏ జట్టు ఏ జట్టును ఓడించిందన్నది కాదు, ఒక్కో ఆటలో వచ్చిన పాయింట్లన్నీ కుప్పపోసి కొలిచేవారు. గెలిస్తే ఒకటి, డ్రా అయితే అర. అంటే రెండు వారాలకు పైగా నడిచిన పోటీ మొత్తానికి తీర్పు చెప్పింది ఒకే ఒక్క డ్రా అంత దూరం. ఎక్కడో ఒక మూల బోర్డు మీద ఎవరో ఒకరు అలసిపోయి చేయి చాపి డ్రాకు ఒప్పుకొన్నంత దూరం.

ఆ అర పాయింటు ఎలా పోయిందో అప్పట్లో పత్రికలన్నిటికీ ఒకే కథ తెలుసు. చాలా మంచి కథ, సినిమాకు పనికొచ్చే కథ. సోవియట్ జట్టు రెండో బోర్డు మీద ఆడిన ఎలెనా అఖ్మిలోవ్‌స్కాయా, ఒలింపియాడ్ ఇంకా నడుస్తుండగానే, అమెరికా జట్టు కెప్టెన్ జాన్ డొనాల్డ్‌సన్‌ను నవంబరు 25న పెళ్లాడి అతనితో కలిసి అమెరికా వెళ్లిపోయింది. అక్కడికక్కడే, జట్టును వదిలేసి. సోవియట్ గ్రాండ్‌మాస్టర్ కోర్చ్‌నోయ్ 1976లో దేశం వదిలిపోయిన గాయం మాస్కోకు ఇంకా మానలేదు. అయితే ఇది రాజకీయ ఆశ్రయం కాదు, భార్య భర్తతో వెళ్లడం. గోర్బచేవ్ కాలం కాబట్టి గొడవ మరీ ముదరలేదు. కానీ లోకమంతటా పత్రికలకు పండగ. ప్రేమ ముందు సోవియట్ యంత్రం ఓడిందని రాయడానికి అంతకన్నా తేలికైన సందర్భం ఎవరికి దొరుకుతుంది? ముప్పై ఏళ్లు చెక్కుచెదరని గోడ, ఒక పెళ్లి, అర పాయింటు తేడాతో ఓటమి. మూడు ముక్కల్లో కథ అయిపోయింది.

నాకు ఈ కథ మొదటి నుంచీ కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. అబద్ధమని కాదు. పెళ్లి నిజం, వెళ్లిపోవడం నిజం. ఆమె వెళ్లేనాటికి తొమ్మిది ఆటల్లో 8.5 పాయింట్లు తెచ్చి పెట్టిందన్నదీ నిజమే. అంత జోరు మీదున్న మనిషి లేకపోతే ఏ జట్టుకైనా చెయ్యి విరిగినట్టే. మిగిలిన ముగ్గురికి, చిబుర్దానిద్జె, ఇరీనా లెవితినా, మార్తా లితిన్‌స్కాయాలకు, ఆ తర్వాత ఒక్క రౌండు కూడా కూర్చోడానికి వీల్లేకుండా పోయింది. ఇదంతా ఒప్పుకొందాం. కానీ మ్యాచ్ పోతే ఎవరు లేరని మాత్రమే అడిగి, ఎదుట ఎవరున్నారని అడగకపోవడం ఏం న్యాయం? ఆడవాళ్ల ఆట అనేసరికి గెలుపోటముల కారణం పెళ్లిపందిట్లోనే వెతకాలని ఎవరు చెప్పారు?

ఎదుట ఎవరున్నారో చూద్దాం.

హంగరీ జట్టులో నలుగురు అమ్మాయిలు. మొదటి బోర్డు మీద పందొమ్మిదేళ్ల సుసాన్ పోల్గార్. రెండో బోర్డు మీద ఆమె చిన్న చెల్లెలు, పన్నెండేళ్ల జుడిత్. వాళ్లతో పాటు పందొమ్మిదేళ్ల ఇల్దికో మాద్ల్. అప్పుడే పద్నాలుగో ఏడు నిండిన నడిమి చెల్లెలు సోఫియా. నలుగురిలో ఇరవై నిండిన వాళ్లు ఒక్కరూ లేరు. ఎదుటి శిబిరంలో చూస్తే ఒక ప్రపంచ ఛాంపియన్, ఛాంపియన్‌షిప్ కోసం మ్యాచ్ ఆడిన ఇద్దరు ఛాలెంజర్లు. లెవితినా 1984లో, అఖ్మిలోవ్‌స్కాయా 1986లో చిబుర్దానిద్జెతోనే తలపడ్డారు. ఇద్దరూ ఓడారు. అలా ఓడినవాళ్లూ గెలిచినవాళ్లూ ఒకే జట్టులో ఆడుతుంటే బయటివాళ్లకు మిగిలేదేముంటుంది!

పోల్గార్ ఇంటి సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. బుడాపెస్ట్‌లో లాస్లో, క్లారా అనే భార్యాభర్తలు తమ ముగ్గురు ఆడపిల్లల్నీ బడికి పంపకుండా ఇంట్లోనే చదివించారు. మేధావులు పుట్టరు, తయారవుతారన్నది లాస్లో సిద్ధాంతం. దాన్ని రుజువు చెయ్యడానికి చదరంగాన్ని ఎంచుకున్నాడు, ఎందుకంటే అక్కడ ఫలితం అంకెల్లో కనిపిస్తుంది, ఎవరూ బుకాయించలేరు. ఆ ఇంట్లో వేల చదరంగం పుస్తకాలు, ఆటలు రాసిపెట్టిన కార్డుల పెట్టెలు గోడల వెంట పేర్చి ఉండేవి. కంప్యూటర్ డేటాబేస్ అన్న మాట ఇంకా జనం నోటికి ఎక్కని రోజుల్లో అదో చేతిరాత డేటాబేస్.

లాస్లో పట్టుదల ఇంకొకటి ఉంది, అది చాలామందికి కంటగింపైంది. తన పిల్లలు ఆడవాళ్ల టోర్నమెంట్లలో ఆడరు, మగవాళ్లతోనే ఆడతారు అన్నాడు. హంగరీ ప్రభుత్వమూ చెస్ సమాఖ్యా దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. కొన్నేళ్లు సుసాన్‌ను పాశ్చాత్య దేశాల టోర్నమెంట్లకు పోనివ్వలేదు. అంతర్జాతీయ సమాఖ్య ఫిడే చేసిన పనైతే ఇంకా వింత. ఆడవాళ్ల రేటింగులు మగవాళ్ల రేటింగులతో పోలిస్తే అన్యాయంగా తక్కువగా ఉన్నాయని చెప్పి, 1986లో, ఆటలో ఉన్న ఆడవాళ్లందరికీ ఒక్కసారిగా వంద పాయింట్లు కలిపారు. అందరికీ, ఒక్క సుసాన్‌కు తప్ప. ఆమె ఎక్కువగా మగవాళ్లతో ఆడుతోంది కాబట్టి ఆమె రేటింగ్ సరిగ్గానే ఉందన్నది వాళ్ల వాదన. ఊరందరికీ భోజనం పెట్టి, పొలంలో ఒంటరిగా దుక్కి దున్నిన మనిషికి మాత్రం నీకు ఆకలి ఉండదులే అన్నట్టు! 1984లో పదిహేనేళ్లకే ఆడవాళ్లలో ప్రపంచ మొదటి ర్యాంకుకు చేరిన అమ్మాయి, 1987 జనవరి జాబితా వచ్చేసరికి రెండో స్థానానికి జారింది.

అలా ఆడవాళ్ల చదరంగానికి దూరంగా ఉంటూ వచ్చిన అక్కచెల్లెళ్లు థెస్సలొనీకిలో ఆడవాళ్ల జట్టుగా కూర్చున్నారు. జుడిత్ అదే 1988లో రొమేనియాలోని తిమిషోరాలో పన్నెండేళ్ల లోపు బాలుర ప్రపంచ పోటీలో గెలిచింది. మళ్లీ చదవండి, బాలుర పోటీలో. ఆ పిల్ల ఇప్పుడు హంగరీ రెండో బోర్డు మీద.

ఇక ఆటకు వద్దాం. బల్గేరియాతో మ్యాచ్. జుడిత్‌కు తెల్ల పావులు. ఎదుట పావ్లినా ఏంజెలోవా. బల్గేరియాను తేలిగ్గా తీసేయడానికి లేదు. 1984లో ఇదే ఊళ్లో రజతం గెలిచిన దేశం అది.

ముందు మాటల గొడవ తీర్చుకుందాం. మూలగా, కోణంగా నడిచే పావును మనలో కొందరు శకటు అంటారు, కొందరు ఒంటె అంటారు, బోర్డు అమ్మిన అంగడివాడు ఇంకేదో అంటాడు. ఇక్కడ ఒంటె అందాం. మూలల్లో నిలబడి నిటారుగా, అడ్డంగా పోయేది ఏనుగు. గళ్లకు ఎడమ నుంచి కుడికి ఏ, బీ, సీ, డీ అంటూ హెచ్ దాకా పేర్లు, తెల్లవాళ్ల వైపు నుంచి 1 నుంచి 8 దాకా వరసలు. బోర్డు ఒకటి పక్కన పెట్టుకుని చదివితే మంచిది. లేకపోయినా ఫరవాలేదు, నాలుగే నాలుగు గళ్లు గుర్తుంటే చాలు.

తెలుపు బంటు ఈ4కు వచ్చింది. నలుపు సీ5తో జవాబిచ్చింది. ఇది సిసిలియన్ డిఫెన్స్. తెలుపు గుర్రం ఎఫ్3, నలుపు గుర్రం సీ6. ఇక్కడ మామూలుగా ఎవరైనా డీ4కు బంటును తోసి తలుపులు బద్దలు కొడతారు. జుడిత్ అలా చెయ్యలేదు. ఒంటెను బీ5కు తెచ్చి సీ6 గుర్రం మీద గురిపెట్టింది.

ఈ మూడో ఎత్తుకు రొసోలిమో దాడి అని పేరు. నికొలాస్ రొసోలిమో కథ ఒక్కటే ఒక వారానికి సరిపోతుంది. 1910లో కీవ్‌లో పుట్టాడు. తండ్రి వైపు గ్రీకు రక్తం. మాస్కోలో కొంతకాలం, ఆ తర్వాత పారిస్. 1948లో ఫ్రాన్స్ ఛాంపియన్. 1950ల మొదట్లో న్యూయార్క్ చేరాడు. గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఉన్నా పొట్ట గడవడానికి అక్కడ టాక్సీ నడిపాడు, గ్రీన్‌విచ్ విలేజ్‌లో ఒక చిన్న చదరంగం గది పెట్టుకుని వచ్చిపోయేవాళ్లతో ఆడాడు. పాయింట్లు పోయినా సరే అందంగా ఆడాలన్నది అతని పిచ్చి. 1975లో పోయాడు. అతని పేరున్న ఎత్తు, అతని పూర్వీకుల దేశంలో, ఒక పన్నెండేళ్ల పిల్ల చేతిలో పడింది. ఇలాంటివి కాకతాళీయమే, అయినా రాయకుండా ఉండబుద్ధి కాదు.

నలుపు జీ6 వేసి ఒంటెకు దారి చేసింది. తెలుపు కోట కట్టింది. నలుపు ఒంటె జీ7లో కూర్చుంది. తెలుపు ఏనుగును ఈ1కు జరిపింది. అయిదో ఎత్తుగా నలుపు ఈ5 వేసింది.

ఇక్కడ ఆగి బోర్డు మధ్య గడి డీ4ను చూడండి. తెలుపు ఆశ అంతా సీ3 వేసి, డీ4 తోసి, మధ్యభాగాన్ని తెరవడం మీదే ఉంటుంది. నలుపు ఇప్పుడు ఆ గడి చుట్టూ పహరా పెట్టింది. సీ5 బంటు ఒకటి, ఈ5 బంటు రెండు, సీ6 గుర్రం మూడు. వాటి వెనక జీ7లో ఒంటె కాచుకుని ఉంది. ఊరి వాకిట్లో నలుగురు కర్రలు పట్టుకుని నిలబడ్డట్టు. అయితే ఈ పహరా ఊరికే రాలేదు. నలుపు రాజు ఇంకా ఈ8లోనే, కోట కట్టకుండా ఉన్నాడు. జీ8 గుర్రం కదల్లేదు, సీ8 ఒంటె కదల్లేదు. ఈ1లో తెల్ల ఏనుగు తిన్నగా ఆ రాజు వైపే చూస్తోంది. మధ్యలో అడ్డం రెండు బంట్లే.

నిదానస్తులైతే ఇక్కడ ఒంటెతో గుర్రాన్ని తీసేసి, మెల్లగా ఒత్తిడి పెంచుతారు. అదీ మంచి పద్ధతే. జుడిత్ ఆరో ఎత్తు బీ4.

అంటే, ఎవరూ అడగకుండా, బోర్డు ఎడమ అంచున ఒక బంటును తీసుకెళ్లి రెండు నోళ్ల ముందు పెట్టింది. సీ5 బంటు దాన్ని తినవచ్చు, సీ6 గుర్రమూ తినవచ్చు. మొదటిసారి చూసినవాడికి చెయ్యి జారిందనిపిస్తుంది. ఇప్పుడు డీ4 పహరా మళ్లీ లెక్కపెట్టండి. బంటు తింటే సీ5 నుంచి ఒక కాపలాదారు వాకిలి వదిలి పక్క సందులోకి పోతాడు. అప్పుడు తెలుపు ఏ3 వేసి ఇంకో బంటును కూడా ఎర వేస్తుంది, ఏ వరస తెరుచుకుంటుంది, మొదటి వరసలో నిద్రపోతున్న ఏనుగు లేస్తుంది. గుర్రం తింటే మూడో కాపలాదారు పోయాడు, పైగా ఈ5 బంటుకు ఉన్న ఆసరాల్లో ఒకటి తగ్గింది. తెలుపు ఒంటె బీ2కు వచ్చి ఆ ఈ5 మీదే కన్నేస్తుంది. ఎటు తిన్నా వాకిట్లో కర్రలు తగ్గుతాయి. తినకుండా ఊరుకుంటే, తెలుపే సీ5ను తినేసి పోతుంది. ఎర అంచున వేశారు, చేప మాత్రం మధ్యలో పడుతుంది.

ఈ ఉపాయం కొత్తది కాదు. 1820ల్లో విలియం డేవిస్ ఎవాన్స్ అనే వేల్స్ ఓడ కెప్టెన్ ఇటాలియన్ ఆటలో ఇలాగే బీ4 వేసి, సీ5లో ఉన్న ఒంటెను ఆశపెట్టి, ఆ మలుపులో డీ4కు దారి తీసుకున్నాడు. ఎవాన్స్ గ్యాంబిట్ పేరుతో పందొమ్మిదో శతాబ్దపు రసికులంతా దాని చుట్టూ తిరిగారు. సిసిలియన్‌లో, ఈ రొసోలిమో స్థితిలో వేసే బీ4కు మాత్రం ఆరంభాల పుస్తకాల్లో ఇంకో పేరుంది, గుర్గెనిద్జె వేరియేషన్. బుఖుతీ గుర్గెనిద్జె ఎవరనుకున్నారు? జార్జియా గ్రాండ్‌మాస్టర్. ఏ నేల నుంచి నోనా, మాయా వచ్చి సోవియట్ ఆడవాళ్ల జట్టును కొండలా నిలబెట్టారో, ఆ నేల మనిషి పేరున్న కత్తినే బుడాపెస్ట్ పిల్ల పట్టుకుంది. అది సోవియట్ జట్టు మీద కాదు, బల్గేరియా మీద దూసింది నిజమే. కానీ చివరి పట్టిక ఎవరి మీద తెగిందో చూశాం కదా.

మిగతా ఎత్తులన్నీ ఇక్కడ అచ్చు వేస్తే పేజీ ఎక్కాల పుస్తకంలా తయారవుతుంది. మన పని ఆరో ఎత్తుతోనే. ఇరవయ్యో ఎత్తు రాకముందే ఆట ముగిసింది, పాయింటు హంగరీ ఖాతాలో పడింది. ఒలింపియాడ్ స్థాయిలో, గట్టి జట్టు రెండో బోర్డు మీద, ఇరవై ఎత్తుల లోపు ఆట అయిపోవడం అంటే ఎదుటివాళ్లు పొరపాటు చేశారని అనుకోవడం తేలిక. పొరపాటు లేకుండా చదరంగంలో ఎవరూ ఓడరు. కానీ ఏ స్థితిలో మనిషి చేత పొరపాటు చేయించవచ్చో ముందే తెలిసి అక్కడికి నడిపించడం వేరే విద్య. కోట కట్టని రాజుతో, సగం పావులు ఇంట్లోనే ఉండగా, ఒక బంటు ఉచితంగా వస్తే తీసుకోవాలా వద్దా అని గడియారం టిక్కుటిక్కుమంటుండగా తేల్చుకోవాలి. ఎదుట కూర్చున్నది బల్ల ఎత్తుకు కొంచెం పైన కనిపించే పిల్ల. కింద చూస్తే బంటు, పైన చూస్తే పిల్ల. రెంటినీ తక్కువ అంచనా వేయడానికి ఎన్ని కారణాలో!

ఇప్పుడు మన పంచాయితీకి తిరిగి వద్దాం. జుడిత్ థెస్సలొనీకిలో పదమూడు ఆటలు ఆడింది. పన్నెండు గెలిచింది, ఒకటి డ్రా. అంటే 12.5. రెండో బోర్డు వ్యక్తిగత స్వర్ణం ఆమెదే. హంగరీ మొత్తం 33లో మూడో వంతుకు పైగా ఆ ఒక్క కుర్చీలోంచే వచ్చింది. ఈ పన్నెండు గెలుపుల్లో ఏ ఒక్కటి డ్రా అయినా హంగరీ 32.5 దగ్గర ఆగి సోవియట్ జట్టుతో సమమయ్యేది. ఏ ఒక్కటి ఓడినా రెండో స్థానం. అంటే ఆ బీ4 ఆట అర పాయింటు దగ్గర ఆగి ఉంటే, ఏంజెలోవా ఎలాగో ఓర్చుకుని బోర్డును చల్లార్చి ఉంటే, ముప్పై ఏళ్ల వరస తెగినట్టు మనం ఇంత ధీమాగా రాసుకునేవాళ్లం కాదు.

పత్రికలవాళ్లు లెక్క తప్పలేదు, లెక్క ఒకవైపు నుంచే చేశారు. రెండో బోర్డు మీద అఖ్మిలోవ్‌స్కాయా తొమ్మిదాటల్లో పోగొట్టుకున్నది అర పాయింటు. రెండో బోర్డు మీద జుడిత్ పదమూడాటల్లో పోగొట్టుకున్నదీ అర పాయింటే. ఒకే సంఖ్య బోర్డు, ఒకే నష్టం. ఒకరికి ముప్పై ఒకటి, ఒకరికి పన్నెండు. ఇంత చక్కని జోడీ కళ్ల ముందు ఉంటే దాన్ని వదిలేసి పెళ్లిబండి వెంట పరుగెత్తారు.

దానివల్ల నష్టపోయింది జుడిత్ కన్నా అఖ్మిలోవ్‌స్కాయానే అంటాను నేను. జుడిత్‌కు ఏం, ఆమెకు ముందు జీవితమంతా ఉంది. ప్రపంచ టైటిల్ కోసం మ్యాచ్ ఆడిన మనిషి, ఆ రెండు వారాల్లో తన జీవితంలోకెల్లా మంచి ఆట ఆడుతున్న మనిషి, చరిత్రలో పెళ్లికూతురిగా మిగిలిపోయింది. 8.5 అన్న అంకె ఎవరికీ గుర్తు లేదు. ఆమె కూతురు అప్పటికి సోవియట్ యూనియన్‌లోనే ఉండిపోయిందనీ, ఆ తర్వాతే తల్లి దగ్గరికి చేరిందనీ ఆ ప్రేమకథలు రాసినవాళ్లలో ఎందరు పట్టించుకున్నారు? డొనాల్డ్‌సన్‌తో కాపురం కలకాలం నిలవలేదు. ఆమె ఆట నిలిచింది. అమెరికా మహిళల ఛాంపియన్ అయింది. తర్వాత సియాటిల్‌లో పిల్లలకు చదరంగం నేర్పుతూ గడిపి, 2012లో కన్నుమూసింది.

థెస్సలొనీకి తర్వాత జరిగింది త్వరగా చెప్పేస్తాను. 1989 జనవరిలో వచ్చిన ఫిడే జాబితాలో జుడిత్ రేటింగ్ 2555. ఆడవాళ్లలో మొదటి స్థానం, మగవాళ్లతో కలిపి చూస్తే 55వ స్థానం, వయసు పన్నెండు. ఆ మొదటి స్థానాన్ని 2014లో ఆట మానేదాకా ఎవరికీ ఇవ్వలేదు. 1990లో నోవీ సాద్‌లో హంగరీ ఆడవాళ్లు మళ్లీ స్వర్ణం గెలిచారు. ఈసారి ఎవరి పెళ్లీ జరగలేదు కాబట్టి కారణం చెప్పడానికి పత్రికలకు కొంచెం కష్టమై ఉంటుంది. ఆ తర్వాత జుడిత్ మళ్లీ ఆడవాళ్ల ఒలింపియాడ్ వైపు రాలేదు, మగవాళ్ల జట్టులోనే ఆడింది. 1991 డిసెంబరులో పదిహేనేళ్ల నాలుగు నెలల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయి, బాబీ ఫిషర్ పేరున్న అతి చిన్న వయసు రికార్డును చెరిపేసింది.

ఇక ఆ ఆరో ఎత్తు. అది ముప్పై ఏళ్లు పుస్తకాల్లో పడి ఉంది. పెద్దవాళ్లు దాన్ని సరదా ఎత్తుగానే చూశారు. 2018 నవంబరులో లండన్‌లో మాగ్నస్ కార్ల్‌సన్, ఫాబియానో కరువానా ప్రపంచ టైటిల్ కోసం తలపడ్డారు. తెల్ల పావులతో కరువానా మొదటి ఆటలో, మూడో ఆటలో, అయిదో ఆటలో మూడో ఎత్తుగా బీ5కు ఒంటెనే తెచ్చాడు, రొసోలిమోయే. నవంబరు 15న జరిగిన అయిదో ఆటలో ఎత్తులు వరసగా ఇవి: జీ6, కోట, ఒంటె జీ7, ఏనుగు ఈ1, ఈ5. ఆ తర్వాత కరువానా చెయ్యి ఎడమ అంచుకు వెళ్లింది. బీ4.

ఆ మ్యాచ్‌కు అధికారిక వ్యాఖ్యాతగా మైకు ముందు కూర్చున్నది జుడిత్ పోల్గార్.

కార్ల్‌సన్ బెదరలేదు. గుర్రంతో బంటును తిన్నాడు, తెలుపు ఒంటె బీ2కు రాగానే ఏ6తో బీ5 ఒంటెను అడిగాడు. తెలుపు ఏ3. నలుపు ఒంటెను తింది, తెలుపు గుర్రాన్ని తింది, ఏ వరసలో ఏనుగులు రెండూ మారిపోయాయి. మంటలు లేస్తాయనుకున్న చోట పదహారో ఎత్తుకల్లా మంత్రులు కూడా బోర్డు దిగిపోయారు. ముప్పై నాలుగో ఎత్తు దగ్గర డ్రా. ఇంట్లో కంప్యూటర్‌తో నెలల తరబడి కూర్చుని వచ్చిన ఇద్దరికి, ఆ బీ4 ఏం చేస్తుందో ముందే తెలుసు, దాన్ని ఎలా ఆర్పాలో కూడా తెలుసు. 1988లో ఏంజెలోవాకు ఆ సౌకర్యం లేదు. ఎదుట కూర్చున్న పిల్లకూ లేదు, ఆమెకున్నవి ఇంట్లో కార్డుల పెట్టెలు. ఆ మ్యాచ్‌లో మామూలు ఆటలు పన్నెండూ డ్రాలే అయ్యాయి. చివరికి ర్యాపిడ్ ఆటల్లో కార్ల్‌సన్ గెలిచాడు. ఆ పన్నెండు డ్రాల మధ్య జనం కాస్త నిటారుగా కూర్చున్న క్షణాల్లో ఆ బీ4 ఒకటి.

థెస్సలొనీకిలో జుడిత్ ఆ బంటును తోసిన నవంబరు నాటికి, మన కృష్ణా జిల్లా గుడివాడలో పుట్టిన ఒక పాపకు ఏడాది ఎనిమిది నెలలు. ఛాంపియన్ అన్న మాటలోంచి హంపి అని పేరు తీసి పెట్టిన తండ్రి, కోనేరు అశోక్, తానే గురువు. లాస్లో పోల్గార్‌కూ ఆయనకూ పోలికలు ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ కలవవో తీరిగ్గా మాట్లాడుకోవాలి. 2002లో ఆ అమ్మాయి పదిహేనేళ్ల ఒక నెల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆడవాళ్లలో అతి చిన్న వయసు రికార్డు జుడిత్ చేతిలోంచి మూడు నెలల తేడాతో హంపి చేతికి వచ్చింది. వచ్చే వారం గుడివాడకు పోదాం.

(సశేషం)